మానని పుండు: చర్మ క్యాన్సర్ ఒంట్లో ఎలా పాకుతుంది?

ఎప్పుడో కాలిన మచ్చ మీద పుండు పడి, నెలలు గడిచినా మానడం లేదా? "షుగర్ వల్లేలే" అని పసుపు రాసి ఊరుకోకండి. అది స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. ఎండ తగిలే ముఖం, చెవులు, పెదవి మీదే కాక, పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని కాలి పుండ్లలో కూడా ఇది పుడుతుంది.

మొదట చర్మం పైపొరలోనే ఉంటుంది. అప్పుడే కోసి తీసేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే లోతుకు దిగి కండను, ఎముకను పట్టుకుంటుంది. కొన్ని కణాలు లింఫు నాళాల గుండా దగ్గరి గ్రంథులకు చేరతాయి. కాలి పుండైతే గజ్జల్లో, చేతిదైతే చంకలో, ముఖానిదైతే మెడలో బిళ్లలు కడతాయి. ఆపైన ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. అందరికీ ఇలా పాకదు. కానీ పాత మచ్చల్లో పుట్టినదానికి పాకే గుణం ఎక్కువ.

నొప్పి లేదని ధీమా వద్దు. పుండు అంచులు గట్టిపడినా, తాకితే రక్తం వచ్చినా, బిళ్ల కట్టినా చర్మ డాక్టరును కలవండి. చిన్న ముక్క తీసి చేసే బయాప్సీతో సంగతి తేలుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఆ పరీక్ష వాయిదా వేయకండి. బెంగళూరు కిద్వాయి, చెన్నై అడయార్, కటక్ ఆచార్య హరిహర్, ముంబై టాటా ఆసుపత్రుల్లో క్యాన్సర్ వైద్యం ఉంది. డాక్టరుది ఏ భాషైనా, మచ్చ ఎన్నేళ్లదో మాత్రం తప్పక చెప్పండి.