దూర కేంద్రాల నెట్‌వర్క్‌ పర్యవేక్షణ: తక్కువ ప్రశ్నలతో సమగ్ర సమాచార సేకరణ

వ్యవసాయ పరిశోధనలో కొన్ని కొలతలు తప్పిపోతే వాటిని మళ్లీ తీసుకోవడం సాధ్యం కాదు. నేల నమూనా పాడైతే మరొకటి తీయవచ్చు; నిన్న సాయంత్రం కురిసిన వాన తీవ్రతను ఈ రోజు కొలవలేము. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు, నేల తేమ సెన్సర్లు, శీతల గిడ్డంగుల ఉష్ణమాపకాలు నెట్‌వర్క్‌ ద్వారా సమాచారం పంపుతున్న ఈ కాలంలో, ఆ నెట్‌వర్క్‌ ఆరోగ్యం కూడా పరిశోధన నాణ్యతలో భాగమైంది. లాంలో గానీ రాజేంద్రనగర్‌లో గానీ ఉన్న విశ్వవిద్యాలయ ప్రధాన కేంద్రానికి అనకాపల్లి, చింతపల్లి, నంద్యాల, జగిత్యాల, పాలెం వంటి పరిశోధన స్థానాలు ఎంతో దూరంలో ఉంటాయి. అక్కడి స్విచ్‌లో ఒక పోర్టు పనిచేయడం మానితే, ఆ సంగతి ఆ గంటలోనే తెలియాలి. పంటకాలం ముగిసి, గణాంక విశ్లేషణకు కూర్చున్నప్పుడు పట్టికలో ఖాళీల రూపంలో తెలిస్తే ప్రయోజనం లేదు.

ప్రతి స్థానంలోనూ నెట్‌వర్క్‌ నిపుణుడిని నియమించడం సాధ్యం కాదు గనుక, ఒకేచోట నుండి అన్ని పరికరాలను గమనించడమే మార్గం. అయితే ఆ గమనింపుకు కూడా అదే సన్నని లింకును వాడుకోవాలి. పర్యవేక్షణే లింకును నింపివేస్తే అసలు సమాచారానికి దారి ఉండదు. అందుచేత తక్కువ ప్రశ్నలతో, తక్కువ సమయంలో, నమ్మదగిన సమాచారాన్ని రాబట్టడం ఎలా అన్నదే ఇక్కడి ప్రధాన సమస్య.

ప్రశ్నించే కేంద్రం, సమాధానమిచ్చే పరికరం

నెట్‌వర్క్‌ పరికరాల పర్యవేక్షణకు నేటికీ విస్తృతంగా వాడుతున్న పద్ధతి ఎస్‌.ఎన్‌.ఎం.పి. దీని తొలి ప్రమాణపత్రం 1988లో వెలువడింది. 1990లో సవరించిన రూపం వచ్చింది. జెఫ్రీ కేస్‌, మార్క్‌ ఫెడార్‌, మార్టిన్‌ షాఫ్‌స్టాల్‌, జేమ్స్‌ డేవిన్‌ దీని రూపకర్తలు. ఈ పద్ధతిలో ప్రధాన కేంద్రంలోని మేనేజర్‌ అనే సాఫ్ట్‌వేర్‌ ప్రశ్న అడుగుతుంది. రూటర్‌, స్విచ్‌, సర్వర్‌ వంటి ప్రతి పరికరంలో ఉండే ఏజెంట్‌ అనే చిన్న ప్రోగ్రామ్‌ సమాధానమిస్తుంది. సందేశాలు యు.డి.పి. మార్గంలో ప్రయాణిస్తాయి. ముందుగా అనుసంధానం ఏర్పరచుకోవలసిన పని లేదు గనుక భారం తక్కువ; కానీ సందేశం మధ్యలో పోతే దానిని గుర్తించి మళ్లీ అడిగే బాధ్యత మేనేజర్‌దే.

పరికరంలోని ప్రతి కొలతకూ చెట్టు కొమ్మల వరుసలో ఒక సంఖ్యా చిరునామా ఉంటుంది. ఉదాహరణకు ఒక పోర్టులోకి వచ్చిన మొత్తం బైట్ల సంఖ్య 1.3.6.1.2.1.2.2.1.10 అనే కొమ్మ కింద, ఆ పోర్టు సంఖ్యతో దొరుకుతుంది. పోర్టు పనిచేస్తున్నదా లేదా అన్నది అదే పట్టికలో 8వ నిలువువరుస. బయటకు వెళ్లిన బైట్లు 16వ నిలువువరుస. తయారీ సంస్థ ఏదైనా ఈ చిరునామాలు ఒకటే. ఈ ఏకరూపత వల్లనే వేర్వేరు కాలాల్లో, వేర్వేరు టెండర్లలో కొన్న పరికరాలను ఒకే మేనేజర్‌ గమనించగలుగుతున్నది.

ఒక్కొక్కటిగా అడిగితే అయ్యే కాలవ్యయం

తొలి రూపంలో పట్టికను చదవడానికి ‘తరువాతిది ఇవ్వు’ అనే ఆదేశం ఒక్కటే సాధనం. ఒక చిరునామా ఇస్తే దాని తరువాతి చిరునామా, దాని విలువ వస్తాయి. దానిని పట్టుకొని మళ్లీ తరువాతిది అడగాలి. భవనం లోపలి నెట్‌వర్క్‌లో ఇది కనురెప్పపాటు పని. దూరపు లింకుపై అలా కాదు.

భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్రశ్న పైకి వెళ్లి కిందికి రావాలి. సమాధానం మళ్లీ పైకి వెళ్లి కిందికి రావాలి. కాంతివేగంతో ప్రయాణించినా దీనికే దాదాపు అర సెకను పడుతుంది. పరికరాల జాప్యం కూడా కలిపి ఒక ప్రశ్నకు 0.6 సెకను అనుకుందాం. 48 పోర్టుల స్విచ్‌లో ఒక్కో పోర్టుకు ఆరు కొలతలు కావాలంటే మొత్తం 288 విలువలు. ఒక్కొక్కటిగా అడిగితే 288 ప్రశ్నలకు సుమారు 173 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. ఒక పోర్టుకు చెందిన ఆరు కొలతలనూ ఒకే ప్రశ్నలో అడిగితే, పట్టిక ముగిసిందని తెలుసుకునే చివరి ప్రశ్నతో కలిపి 49 ప్రశ్నలు, దాదాపు 29 సెకన్లు.

1993లో వచ్చిన రెండవ రూపం ‘గెట్‌బల్క్‌’ అనే ఆదేశాన్ని చేర్చింది. ఇందులో రెండు సంఖ్యలు ఇవ్వాలి. మొదటిది, ఒక్కసారి మాత్రమే కావలసిన కొలతలు ఎన్ని అన్నది. రెండవది, మిగిలిన కొలతలను వరుసగా ఎన్ని అడ్డువరుసల వరకు ఇవ్వాలి అన్నది. మొదటి భాగంలో పరికరం ఎంతకాలంగా నడుస్తున్నదో తెలిపే కొలతను, రెండవ భాగంలో పై ఆరు నిలువువరుసలను ఉంచి, పదేసి అడ్డువరుసలు అడిగితే ఒక్కో సమాధానంలో 61 విలువలు వస్తాయి. 48 పోర్టుల సమాచారం 5 ప్రశ్నలతో, అంటే 3 సెకన్లలో ముగుస్తుంది. ఐదవ సమాధానంలోనే పట్టిక దాటిన విలువలు కనిపిస్తాయి గనుక ముగింపు కోసం వేరే ప్రశ్న అక్కరలేదు.

ఈ తేడా ఫలితం పరికరాల సంఖ్యలో స్పష్టంగా కనబడుతుంది. ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి, ఒక పరికరం తరువాత మరొకటిగా సమాచారం సేకరించే మేనేజర్‌, 300 సెకన్లలో మొదటి పద్ధతిలో ఒక్క స్విచ్‌ను, రెండవ పద్ధతిలో పదింటిని, మూడవ పద్ధతిలో వందింటిని చూడగలదు. లింకు మారలేదు, యంత్రం మారలేదు. అడిగే తీరు మాత్రమే మారింది.

అడ్డువరుసల సంఖ్యను ఇష్టం వచ్చినట్లు పెంచడం కూడా మంచిది కాదు. సమాధానం 1,500 బైట్ల ఈథర్నెట్‌ పరిమితిని దాటితే ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఒక్క ముక్క పోయినా మొత్తం సమాధానం వ్యర్థమే. పాత పరికరాల్లో పెద్ద సమాధానం తయారుచేయడం ప్రాసెసర్‌కు భారం. ఒక విలువకు దాదాపు 20 బైట్ల చొప్పున లెక్కించి, సమాధానం ఒకే ప్యాకెట్‌లో ఇమిడేలా సంఖ్యను నిర్ణయించుకోవడం ఉత్తమం.

పలకని పరికరం వల్ల ఇబ్బంది

పనిచేసే పరికరం కంటే పనిచేయని పరికరమే మేనేజర్‌ సమయాన్ని ఎక్కువగా తింటుంది. ప్రచారంలో ఉన్న నెట్‌-ఎస్‌.ఎన్‌.ఎం.పి. సాధనాలు సాధారణంగా ఒక సెకను వేచి చూసి, జవాబు రాకపోతే మరో ఐదుసార్లు అడుగుతాయి. అంటే పలకని పరికరం ఒక్కొక్కదానికి ఆరు సెకన్లు. ఈదురుగాలులకు కరెంటు పోయి యాభై పరికరాలు ఒకేసారి ఆగిపోతే ఐదు నిమిషాలూ వాటికే ఖర్చవుతాయి; బాగున్న పరికరాల సమాచారం కూడా ఆ విడతలో అందదు. సరిగ్గా అవసరమైన వేళ పర్యవేక్షణ మూగబోతుంది. ఒక జవాబు కోసం ఆగకుండా అనేక పరికరాలను ఏకకాలంలో అడగడం, దారిలోని రూటరే పలకనప్పుడు దాని వెనుకనున్న పరికరాలను ఆ విడతకు వదిలివేయడం దీనికి పరిష్కారాలు.

వర్షమాపకం, కౌంటర్‌

నెట్‌వర్క్‌ కొలతల్లో ఎక్కువ భాగం కౌంటర్లు. ఇవి దొప్ప బోర్లపడే వర్షమాపకం వంటివి. చిన్న దొప్ప నిండి బోర్లపడిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది. రెండు వేళల మధ్య తేడాయే ఆ వ్యవధిలో కురిసిన వాన. పోర్టులో ఐదు నిమిషాల తేడా 75 లక్షల బైట్లు అయితే, దానిని 8తో గుణించి 300తో భాగిస్తే సెకనుకు 2 లక్షల బిట్లు. 2 మెగాబిట్ల లింకులో అది పదో వంతు వినియోగం.

కౌంటర్‌కు ఒక సుగుణం ఉంది. మధ్యలో ఒక రీడింగ్‌ తప్పిపోయినా మొత్తం పోదు. ఆ మొత్తం ఏ వేళ ఎంత అన్న వివరం మాత్రమే పోతుంది. ఉష్ణోగ్రత, ప్రాసెసర్‌ భారం వంటి తక్షణ కొలతలకు ఈ రక్షణ లేదు. సెన్సర్‌ సమాచార వ్యవస్థను రూపొందించేవారు వీలైనచోట కూడుకుంటూ పోయే కొలతలను ఎంచుకోవడానికి ఇదే కారణం.

అయితే 32 బిట్ల కౌంటర్‌ 4,29,49,67,296 చేరగానే మళ్లీ సున్నా నుండి మొదలవుతుంది. పూర్తి వేగంతో నడిచే 10 మెగాబిట్ల లింకులో ఇందుకు 57 నిమిషాలు పడుతుంది. 100 మెగాబిట్లలో 5.7 నిమిషాలు, గిగాబిట్‌ లింకులో కేవలం 34 సెకన్లు. ఐదు నిమిషాలకోసారి చదివితే గిగాబిట్‌ లింకులో కౌంటర్‌ ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు, లెక్క తప్పుతుంది. అక్కడ 64 బిట్ల కౌంటర్లనే చదవాలి. పరికరం ఆగి మళ్లీ మొదలైనా కౌంటర్‌ సున్నాకు వస్తుంది గనుక, నడిచిన కాలాన్ని ప్రతి ప్రశ్నతోపాటు చదివి చూడడం అవసరం.

స్థానికంగా దాచుకునే పరికరాలు

లింకే తెగిపోతే ఎంత నేర్పుగా అడిగినా జవాబు రాదు. ఈ లోటును పూరించడానికి 1991లో ‘రిమోట్‌ మానిటరింగ్‌’, క్లుప్తంగా ఆర్‌మాన్‌ అనే ప్రమాణం వచ్చింది. ఇందులో దూరపు పరికరమే నిర్ణీత వ్యవధుల్లో కొలతలు తీసి తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. 30 సెకన్ల వ్యవధితో ఒక చరిత్ర, 30 నిమిషాల వ్యవధితో మరొక చరిత్ర ఉంచుకోవాలని ఆ ప్రమాణం సూచించింది. లింకు తిరిగి వచ్చాక మేనేజర్‌ ఆ చరిత్రను గెట్‌బల్క్‌తో ఒక్కసారిగా తెచ్చుకోవచ్చు. జ్ఞాపకం నిండితే పాత కొలతలు చెరిగిపోతాయి గనుక, లింకు ఎంతకాలం తెగి ఉండవచ్చునో అంచనా వేసి అంతకు సరిపడా చోటు కేటాయించాలి. వాతావరణ కేంద్రాల డేటా లాగర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఆర్‌మాన్‌లోని హెచ్చరిక విధానం కూడా ఆలోచనతో రూపొందినదే. ఎగువ, దిగువ అని రెండు పరిమితులుంటాయి. లింకు వినియోగం 80 శాతం దాటగానే ఒక హెచ్చరిక వస్తుంది. అది 60 శాతానికి దిగివచ్చే వరకు మరో ఎగువ హెచ్చరిక రాదు. నీటి తొట్టిలోని ఫ్లోట్‌ స్విచ్‌ నీరు అడుగంటితే మోటారు వేసి, నిండితే ఆపినట్లే ఇదీను. ఒకే పరిమితి ఉంటే 79, 81 శాతాల మధ్య ఊగిసలాడిన ప్రతిసారీ హెచ్చరిక వస్తుంది. కొద్ది రోజులకే సిబ్బంది వాటిని చూడడం మానేస్తారు.

పరికరం తానుగా పంపే హెచ్చరికపైనే పూర్తిగా ఆధారపడకూడదు. సాధారణ హెచ్చరికకు అందినట్లు రసీదు ఉండదు. కరెంటు పోయిన పరికరం, లింకు తెగిన పరికరం అసలు హెచ్చరించలేవు. రెండవ రూపంలో రసీదు కోరే హెచ్చరిక వచ్చింది. దానిని వాడుతూ, అప్పుడప్పుడు మేనేజర్‌ తానే ప్రశ్నించడం కొనసాగించాలి. పరికరం మౌనంగా ఉన్నంత మాత్రాన క్షేమంగా ఉన్నదని భావించరాదు.

నిల్వ, భద్రత

ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున ఒక కొలతకు రోజుకు 288, ఏడాదికి 1,05,120 విలువలు చేరతాయి. టోబియాస్‌ ఓటికర్‌ 1995లో విడుదల చేసిన ఎం.ఆర్‌.టి.జి., 1999లో రూపొందించిన ఆర్‌.ఆర్‌.డి.టూల్‌ ఈ నిల్వ సమస్యకు చక్కని మార్గం చూపాయి. కొత్త విలువలను ఐదు నిమిషాల వివరంతో ఉంచి, పాతబడే కొద్దీ అరగంట, రెండు గంటలు, ఒక రోజు సగటులుగా కుదిస్తారు. ఫైలు పరిమాణం పెరగదు. అయితే సగటు శిఖరాలను దాచివేస్తుంది. నెల మొత్తం వర్షపాతాన్ని చూసి ఒక్క గంటలో పొలాన్ని ముంచిన వానను గుర్తించలేనట్లే, రోజు సగటును చూసి అరగంటపాటు స్తంభించిన లింకును గుర్తించలేము. సగటుతోపాటు గరిష్ఠ విలువను కూడా నిల్వ చేయాలి. పరిశోధన కొలతలను మాత్రం ఇలా కుదించరాదు. వాటి మూలప్రతి చెక్కుచెదరకుండా ఉండాలి.

ఎస్‌.ఎన్‌.ఎం.పి. తొలి రెండు రూపాలలో సంకేతపదం దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది. చాలా పరికరాలు ‘పబ్లిక్‌’ అనే పదంతోనే తయారై వస్తాయి. దానిని మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరచి ఉంచితే తాళం వేయని గోదాముతో సమానం. చిన్న ప్రశ్నకు పెద్ద సమాధానమిచ్చే గెట్‌బల్క్‌ గుణాన్ని దుర్వినియోగం చేసి, నకిలీ చిరునామాతో ప్రశ్నలు పంపి, మూడో వ్యక్తి సర్వర్‌పై సమాధానాల వెల్లువ కురిపించిన దాడులు ఉన్నాయి. 2002 డిసెంబరులో ప్రమాణంగా స్థిరపడిన మూడవ రూపం ధ్రువీకరణ, గోప్యత రెండింటినీ అందిస్తుంది. దానినే వాడడం, మేనేజర్‌ చిరునామా నుండి వచ్చే ప్రశ్నలను మాత్రమే అనుమతించడం, చదివే హక్కు తప్ప మార్చే హక్కు ఇవ్వకపోవడం కనీస జాగ్రత్తలు.

పొలంలోని సెన్సర్ల వరకు

బ్యాటరీపై నడిచే చిన్న సెన్సర్‌ ఎల్లవేళలా ప్రశ్న కోసం ఎదురుచూడలేదు. కొలత తీసి, పంపి, నిద్రావస్థకు వెళ్లడమే దానికి అనువైన పద్ధతి. ఆండీ స్టాన్‌ఫర్డ్‌-క్లార్క్‌, ఆర్లెన్‌ నిప్పర్‌ 1999లో చమురు గొట్టపు మార్గాలను ఉపగ్రహ లింకు ద్వారా గమనించడానికి రూపొందించిన ఎం.క్యు.టి.టి. ఈ అవసరాన్ని తీరుస్తున్నది. దీని సందేశంలో తప్పనిసరి శీర్షభాగం రెండు బైట్లు మాత్రమే. పెద్ద నెట్‌వర్క్‌ పరికరాలలోనూ మార్పు జరిగినప్పుడే సమాచారం పంపే పద్ధతులు స్థిరపడుతున్నాయి. పొలంలో సెన్సర్లకు ఎం.క్యు.టి.టి., వాటిని కలిపే స్విచ్‌లు, రూటర్లకు ఎస్‌.ఎన్‌.ఎం.పి. అని పని విభజించుకోవడం ప్రస్తుత పరిస్థితులకు తగినది.

ముగింపు

పరిశోధన స్థానాల నెట్‌వర్క్‌ పర్యవేక్షణకు ఖరీదైన పరికరాల కంటే ముందుగా కావలసినది సరైన ప్రణాళిక. ఏ కొలతలు నిజంగా అవసరమో నిర్ణయించి వాటినే అడగాలి. పట్టికలను గెట్‌బల్క్‌తో, ఒకే ప్యాకెట్‌లో ఇమిడే పరిమాణంలో చదవాలి. అన్ని పరికరాల గడియారాలను ఒకే సమయానికి సరిచేసి ఉంచాలి. లేకుంటే లింకు తెగిన వేళను, కొలతలోని ఖాళీని జతపరచి చూడడం కుదరదు. సమాచారం రాని వ్యవధిని సున్నాగా గాక ఖాళీగానే నమోదు చేయాలి. వాన పడకపోవడం వేరు, పడిన వాన మనకు తెలియకపోవడం వేరు. ఈ రెండింటినీ వేరుచేసి చూపగలిగినప్పుడే ఆ సమాచారంపై ఆధారపడి శాస్త్రవేత్త ఇచ్చే సలహాను రైతు నమ్మి విత్తనం వేయగలుగుతాడు.