మీకు తెలుసా? కొయ్య చెంచాకు గుడ్డ రుమాలు జోడు

నెల్లూరు జిల్లా పడమటి కొసన ఉన్న ఉదయగిరి కొయ్య చెంచాలకు, గరిటెలకు, ఫోర్కులకు పేరుపొందింది. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. నర్ది, బిక్కి వంటి కొయ్యలను ఆకురాయితో అరగదీసి, కాడల మీద సన్నని నగిషీలు చెక్కుతారు. ఈ పని చేసేవారిలో ఆడవాళ్లు చాలామంది. కొయ్యకు వేడి త్వరగా ఎక్కదు కాబట్టి పొగలు కక్కే ఉప్మాలో ఉంచినా చెంచా పిల్లల పెదవికి చురుక్కుమనదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.

బడి క్యారేజీలో ఆ చెంచాకు తోడుగా, రుమాలుకు పాత నూలుచీర ముక్క చాలు. కొత్త గుడ్డ కొనడం దండగే. పలుమార్లు ఉతికిన నూలే తడిని బాగా పీలుస్తుంది. కూర అంటిన కాగితం రుమాలు రీసైక్లింగుకూ పనికిరాదు.

పిల్లలకు ఈ గుడ్డ రుమాలు అలవాటు కావాలంటే ఉతుకు వాళ్ల చేతే మొదలుపెట్టించాలి. పసుపు మరకకు సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారానికి రంగు మారుతుంది. నీళ్లతో జాడించాక మళ్లీ పసుపే. ఎండకు మాత్రం అది నిలవదు. ఉదయగిరి ఎండల్లో ఆరేస్తే మరక చాలావరకు వెలిసిపోతుంది. చెంచాను మాత్రం నానబెట్టకుండా కడిగి నీడనే ఆరబెట్టాలి, ఎండకు కొయ్య పగులుతుంది.