బడి వెబ్‌సైట్‌లో ఏముండాలి?

బడి వెబ్‌సైట్‌ను తెరిచేవారిలో ఎక్కువమంది తల్లిదండ్రులే. ఒకటో తరగతి ఫీజెంత, దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడు, బస్సు తమ కాలనీ మీదుగా వెళ్తుందా, రేపు సెలవేనా... వాళ్లు వెతికేవి ఇలాంటి చిన్న సంగతులే. ఇవన్నీ మొదటి పేజీలో కంటపడాలి. మన ప్రైవేటు బడుల సైట్లలో చాలావాటికి పైన కదిలే ఫొటోలు, ఆ కింద కరస్పాండెంట్ సందేశం, దాని కింద ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటాయి. ఫోన్ నంబరు అట్టడుగున ఎక్కడో దొరుకుతుంది.

పేజీని ముందుగా ఫోన్ తెరకు తగ్గట్టు రూపొందించి, ఆ తర్వాత కంప్యూటర్‌కు సరిచేయాలి. కెమెరాలోంచి వచ్చిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉండవచ్చు. దాన్ని రెండొందల కేబీలకు కుదించినా ఫోన్‌లో పెద్ద తేడా కనిపించదు, సిగ్నల్ సరిగా అందని ఊళ్లో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది. నంబరును తాకగానే కాల్ వెళ్లేలా లింకు ఇవ్వాలి.

తెలుగు మీడియం పిల్లల ఇళ్లకే కాదు, ఇంగ్లిష్ మీడియం పిల్లల ఇళ్లలో చాలావాటికి కూడా తెలుగు నోటీసే సులువుగా అర్థమవుతుంది. కంప్యూటర్లలో అక్షరాలకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టిన నోటీసును సైట్‌లో అతికిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. అందుకే చాలా బడులు దాన్ని స్కాన్ చేసి బొమ్మగా పెడుతున్నాయి. ఆ బొమ్మ గూగుల్ వెతుకులాటలో తేలిగ్గా దొరకదు. చూపులేని తల్లికో తండ్రికో స్క్రీన్ రీడర్ దాన్ని సరిగా చదివి వినిపించలేదు. నోటీసును యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ ఇబ్బందులేవీ ఉండవు.

సీబీఎస్ఈ బడులు గుర్తింపు పత్రాలు, భవన, అగ్నిమాపక భద్రత సర్టిఫికెట్లు, ఫీజులు, టీచర్ల వివరాలు, గత మూడేళ్ల బోర్డు ఫలితాలు సైట్‌లో తప్పనిసరిగా పెట్టాలి. రాష్ట్ర సిలబస్ బడులు కూడా ఇదే పద్ధతి పాటిస్తే తల్లిదండ్రులకు ఎంతో మేలు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది పిల్లల వివరాల విషయంలో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడటానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పేరు, తరగతి, ఫొటో, హాల్‌టికెట్ నంబరు ఒకేచోట పెడితే ఆ బిడ్డ ఎవరో, ఏ బడిలో దొరుకుతుందో ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేసినట్టే. వార్షికోత్సవాన్ని చూపించడానికి దూరం నుంచి తీసిన గుంపు ఫొటో సరిపోతుంది. తక్కువ మార్కులొచ్చిన పిల్లల జాబితా ఏ కారణంతోనూ సైట్‌లోకి రాకూడదు.

సైట్‌ను ఎప్పటికప్పుడు సరిచేసే బాధ్యత ఆఫీసులో ఒకరికి అప్పగించాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి పాత ఏడాది ఫీజులు, నోటీసులు తీసేయాలి. డొమైన్ పేరు బడి పేరిటే రిజిస్టరై ఉండాలి, పాస్‌వర్డులు బడి దగ్గరే ఉండాలి. తయారుచేసిన ఏజెన్సీ పేరిట ఉంటే, అది మూతపడినప్పుడు బడి తన వెబ్ చిరునామాను పోగొట్టుకునే ప్రమాదం ఉంది.