చిన్నారులలో శ్వాసకోశ వైరస్‌లు - ఏది ఎంత తీవ్రం?

2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు శిశువులకు హెచ్‌.ఎం.పి.వి. వైరస్ సోకినట్లు వార్తలు వెలువడగానే తల్లిదండ్రులలో తీవ్ర ఆందోళన నెలకొన్నది. వాస్తవానికి ఇది కొత్త వైరస్ కాదు. 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీనిని కనుగొన్నారు. మన దేశంతో సహా ప్రపంచమంతటా ఇది వ్యాప్తిలో ఉన్నదేనని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆనాడే స్పష్టం చేసింది. ఇంతకన్నా ఎక్కువ మంది పసికందులను ఆసుపత్రుల పాలు చేసే ఆర్‌.ఎస్‌.వి. పేరు మాత్రం చాలామంది విని ఉండరు.

ఐదేళ్ళ లోపు పిల్లలపై శాస్త్రజ్ఞులు రూపొందించిన ప్రపంచ స్థాయి అంచనాలను పరిశీలిస్తే ఈ వ్యత్యాసం తేటతెల్లమవుతుంది. 2019లో ఆర్‌.ఎస్‌.వి. వలన సుమారు 3 కోట్ల 30 లక్షల మందికి ఊపిరితిత్తుల వరకు వ్యాధి పాకగా, 36 లక్షల మంది ఆసుపత్రులలో చేరారు. లక్ష మందికి పైగా మరణించారు. 2018లో ఇన్‌ఫ్లుయెంజా వలన ఒక కోటి మందికి అటువంటి వ్యాధి రాగా, సుమారు 35 వేల మంది మరణించారు. అదే ఏడాది హెచ్‌.ఎం.పి.వి. బారిన పడినవారు 1 కోటి 42 లక్షలు, మరణాలు సుమారు 16 వేలు. అయితే మొత్తం మరణాలను బట్టి మాత్రమే తీవ్రతను నిర్ణయించడం సరికాదు. ఊపిరితిత్తులకు వ్యాధి పాకిన ప్రతి వెయ్యి మందిలో మరణాలను లెక్కిస్తే ఆర్‌.ఎస్‌.వి., ఇన్‌ఫ్లుయెంజాలు రెండింటిలోనూ సుమారు ముగ్గురు, హెచ్‌.ఎం.పి.వి.లో ఒకరు ఉంటారు. ఆర్‌.ఎస్‌.వి. నష్టం అధికంగా కనిపించడానికి కారణం అది రెండేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ సోకడమే.

మిగిలిన వాటిలో రైనోవైరస్ సాధారణ జలుబుకే పరిమితమైనా ఉబ్బసం గల పిల్లలలో ఆయాసాన్ని రేపుతుంది. పారాఇన్‌ఫ్లుయెంజా స్వరపేటిక వద్ద వాపు కలిగించి, కుక్క మొరిగినట్లుండే దగ్గును తెస్తుంది. అడినోవైరస్ చాలావరకు జ్వరం, గొంతునొప్పి, కండ్లకలకలతో తగ్గిపోయినా, 2023 ఆరంభంలో పశ్చిమ బెంగాల్‌లో అనేక మంది పిల్లలను ఆసుపత్రుల పాలు చేసింది. కోవిడ్ పిల్లలలో ఎక్కువగా స్వల్ప లక్షణాలతోనే నయమవుతుంది.

ఏ వైరస్ అన్న దానికన్నా బిడ్డ వయస్సే కీలకం. ఆరు నెలల లోపు శిశువుల శ్వాసనాళికలు అతి సన్ననివి కావడంతో కొద్దిపాటి వాపు, కఫంతోనే అవి మూసుకుపోతాయి. నెలలు నిండకుండా పుట్టినవారికి, పుట్టుకతో గుండె జబ్బులున్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. జలుబు మొదలైన మూడవ రోజు నుండి ఐదవ రోజు వరకు ఆయాసం పెరిగే అవకాశమున్నందున ఆ రోజులలో ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

బిడ్డ ఏడవకుండా ఉన్న సమయంలో నిమిషం పాటు శ్వాసను లెక్కించాలి. రెండు నెలల లోపు శిశువు 60 సార్లు, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డ 50 సార్లు, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు పిల్లలు 40 సార్లు, లేక అంతకు మించి శ్వాస తీస్తుంటే వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. డొక్కలు ఎగరవేయడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలి రంగుకు మారడం, మగతగా ఉండడం అత్యవసర లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారే వరకు వేచి చూడరాదు. 108 వాహనాన్ని పిలిపించాలి. రెండు నెలల లోపు శిశువుకు జ్వరం వచ్చినా ఆసుపత్రిలో చూపించవలసిందే.

వైరస్‌లపై యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. బాక్టీరియా న్యుమోనియా ఉన్నదని వైద్యుడు భావించినప్పుడే వాటి అవసరం కలుగుతుంది. ఇన్‌ఫ్లుయెంజాకు మందు ఉన్నది, ఆరు నెలలు దాటిన పిల్లలకు టీకా కూడా ఉన్నది. ఆర్‌.ఎస్‌.వి. నుండి నవజాత శిశువులను కాపాడేందుకు గర్భిణులకు టీకాను గాని, శిశువుకు యాంటీబాడీ ఇంజెక్షన్‌ను గాని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. దగ్గు మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ వలన చిన్నారులు మరణించిన నేపథ్యంలో, రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, ఐదేళ్ళ లోపు వారికి సాధారణంగా వాడరాదని 2025 అక్టోబరులో కేంద్రం సూచించింది. తల్లిపాలు మానకుండా కొద్దికొద్దిగా పలుమార్లు పట్టడం, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి శుభ్రపరచడం, ఇంటిలో బీడీ, సిగరెట్, కట్టెల పొయ్యి పొగ సోకకుండా చూడడం బిడ్డకు ఊరటనిస్తాయి.