ఆకస్మిక వియోగము – అనుదిన జీవితము

దీర్ఘవ్యాధి యైనప్పుడు ఇంటివారు కొంతవఱకు మనస్సు దిటవుపఱచుకొందురు. ఉదయము పనికి వెళ్లిన మనుష్యుడు సాయంకాలము తిరిగి రానప్పుడు అట్టి వ్యవధి యుండదు. మన పాఠశాలా కుటుంబములలో ఈ సంవత్సరము అట్టి వియోగములు సంభవించినవి గనుక, దుఃఖము అనుదిన జీవితములో ఏ రీతిగా వర్తించునో కొంత వ్రాయ దలంచితిమి.

దుఃఖము మనస్సునకు మాత్రమే సంబంధించినదని పలువురు తలంతురు. అది శరీరమును గూడ పట్టుకొనును. 1942వ సంవత్సరము నవంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను వినోదశాల తగులబడి 492 మంది మరణించిరి. ఆ నగరమున వైద్యుడైన ఎరిక్ లిండెమాన్ ఆ మృతుల బంధువులను, ఇతర శోకార్తులను పరీక్షించి, 101 మందిని గూర్చిన తన పరిశీలనలను 1944లో ప్రకటించెను. గొంతు బిగియుట, నిట్టూర్పులు, కడుపులో శూన్యము, ఒంటిలో సత్తువ లేకుండుట అలలవలె వచ్చి, ఒక్కొక్కసారి 20 నిమిషములు మొదలు ఒక గంటవఱకు నిలుచునని ఆయన వ్రాసెను. తమ్మును తామే నిందించుకొనుటయు, ఆదరింప వచ్చినవారిపై కోపించుటయు వారిలో కనబడెను. కావున తండ్రిని పోగొట్టుకొనిన బాలుడు చిన్నమాటకే స్నేహితునిపై మండిపడిన యెడల, వానిని పొగరుబోతని యెంచరాదు.

1969లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అను వైద్యురాలు చెప్పిన అయిదు దశలను గూర్చి పలువురు వినియుందురు. అవి మరణము సమీపించిన రోగులతో సంభాషించి చెప్పినవి గాని, దుఃఖించువారందఱును వరుసగా ఎక్కవలసిన మెట్లు కావు. 1999లో హాలెండు దేశపు పండితులగు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ స్కుట్ అనువారు చెప్పినది మాకు సత్యమునకు మిక్కిలి దగ్గఱగా తోచుచున్నది. దుఃఖించువాడు ఒకప్పుడు పోయినవారి తలంపులో మునుగును. మఱియొకప్పుడు బ్రదుకు పనులవైపు తిరుగును. ఈ రాకపోకలు సహజమైనవి. తల్లి పోయిన నెలలోపల ఆటస్థలములో నవ్విన బాలికను చూచి “దీనికి దుఃఖమే లేదు” అనుట గొప్ప అన్యాయము. ఆ రాత్రి దాని తలగడ నెవరు చూచిరి?

మొదటి దినములలో ఇల్లు జనముతో నిండియుండును. ఇరుగుపొరుగువారు అన్నము తెచ్చి పెట్టుదురు. సంఘస్థులు వచ్చి పాటలు పాడుదురు. ఆదరణ కూటము జరుగును. బంధువులు బస్సులెక్కిన మఱునాడే అసలైన కష్టదినములు ప్రారంభమగును. అలవాటుచొప్పున ఇల్లాలు ఒక గ్లాసు బియ్యము ఎక్కువ పోయును. గుమ్మము ప్రక్కను చెప్పులు అట్లే యుండును. అప్పుడే కాగితముల పనులును వచ్చును. 1969వ సంవత్సరపు చట్టము ననుసరించి మరణమును 21 దినములలోగా తెలియజేయవలెను. ఆ ధ్రువపత్రము లేనిదే బ్యాంకులోగాని పింఛను విషయములోగాని పని సాగదు. చదువుకొనిన పొరుగువాడు కార్యాలయమునకు తోడు వెళ్లిన, అది పది ప్రసంగములకన్న మేలని మా యభిప్రాయము. పాస్టరుగారు మన్నింతురు గాక!

తలిదండ్రులకును బంధువులకును ఒక్క సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. ఇంటి పెద్ద పోగానే పెద్దపిల్లను బడి మాన్పించి తమ్ములను చూడ నియమించుట, పెద్దకుమారుని పనికి పంపుట మనలో తఱచుగా జరుగుచున్నది. ఆ మొదటి నెలలో ఎవరి బుద్ధియు నిలకడగా నుండదు. ఇల్లు అమ్ముట, ఊరు మారుట, చదువు మాన్పించుట వంటి నిర్ణయములను వీలైనంతవఱకు కొన్ని నెలలు ఆపుడి. బిడ్డకు తండ్రి పోయెను. బడియు, స్నేహితులును, గంట కొట్టు వేళలును గూడ పోయిన యెడల వానికి నిలుచుటకు చోటేది? రుసుముల చిక్కు ఉన్నచో ముందుగా ప్రధానోపాధ్యాయుల వారితో మాటలాడుడి.

మన సంఘములలో “ప్రభువునందు నిద్రించెను” అని చెప్పుట వాడుక. పెద్దలకు అది నిరీక్షణగల మాట. నాలుగేండ్ల పిల్ల దానిని విని, తానును నిద్రించిన లేవనేమో యని పడకకు భయపడవచ్చును. చిన్నవారికి “నాన్నగారు చనిపోయిరి, ఆయన శరీరము ఇక పనిచేయదు, నీవలన ఇది జరుగలేదు” అని స్పష్టముగా చెప్పవలెను.

ఏడ్చుట అవిశ్వాసమని కొందఱు గద్దించుచున్నారు. లాజరును లేపబోవుచున్నానని యెఱిగియు ప్రభువు సమాధియొద్దకు వెళ్లుచు కన్నీరు కార్చెను గదా! యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన పనులలో అదియే మంచిది, నోరు తెఱచిన పిమ్మట చెడగొట్టిరి.

మాసములు గడచినను తిండి, నిద్ర, పని యేదియు కుదుటపడనివారు కొందఱుందురు. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల పట్టికలో ఆరు మాసములకు మించి మనుష్యుని పట్టి యుంచు తీవ్రశోకము చికిత్స పొందదగినదిగా చేర్చబడినది. అట్టివారు ప్రార్థన మానకయే వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ వారితో 14416 సంఖ్యపై రుసుము లేకుండ తెలుగులో మాటలాడవచ్చును.

విద్యార్థులారా, మీ తోటివాడు తిరిగి తరగతికి వచ్చినప్పుడు చుట్టుమూగి “ఎట్లు జరిగెను?” అని అడుగకుడి. వాని చోటు వానికి ఉంచుడి. తప్పిన పాఠములు వ్రాసి యిండు. మధ్యాహ్నము ప్రక్కను కూర్చుండి తినుడి. వాడు తండ్రిని గూర్చి చెప్పదలంచిన యెడల, మాట మార్చక వినుడి. మఱుసటి సంవత్సరము ఆ తేదీ తిరిగి వచ్చును. ఉపాధ్యాయులమైన మేము దానిని మా దినచర్య పుస్తకములో ముందే గుర్తుపెట్టుకొని, ఆ ఉదయము వానిని నిలువబెట్టి పాఠము అప్పగింపుమని అడుగము.