చివరి రోజుల్లో యాంటీబయోటిక్: ఇవ్వాలా, ఆపాలా?

ఒక అబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు. వాళ్ల నానమ్మకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, బాగా ముదిరిపోయింది. మనుషుల్ని గుర్తుపట్టడం మానేసి రెండేళ్లయింది. మంచం దిగలేరు, ముద్ద మింగలేరు. మూడు నెలల్లో ఇది మూడోసారి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం. డాక్టర్ గారు అడ్మిట్ చేస్తే ఇంకా పెద్ద యాంటీబయోటిక్ మొదలుపెడదాం అన్నారట. అమెరికాలో ఉన్న బాబాయి ఫోన్ చేసి "ఖర్చు ఎంతైనా నేను పంపిస్తా, ఏదీ ఆపొద్దు" అంటున్నాడు. రాత్రంతా పక్కన కూర్చునే అమ్మ మాత్రం "ఇంక ఆవిణ్ని సూదులతో పొడిపించొద్దురా" అంటోంది. ఎవరి మాట వినాలి డాక్టర్ గారూ అని అడిగాడు.

నేను పాలియేటివ్ కేర్ డాక్టర్‌ని. జబ్బు నయమయ్యే దశ దాటిపోయాక నొప్పి, ఆయాసం, బాధ తగ్గించడం మా పని. నేను చూసినంతలో, వెంటిలేటర్ వద్దని చెప్పడానికి చాలా కుటుంబాలు సిద్ధంగానే ఉంటాయి. యాంటీబయోటిక్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. ఎందుకంటే మనకి అది గొంతు నొప్పికి కూడా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర. (అలా తెచ్చుకోకూడదు, ఆ గొడవ ఇంకో ఎపిసోడ్‌లో.) అంత చిన్న మందు కూడా ఇవ్వలేదంటే చుట్టాలు ఏమంటారో అని భయం.

కానీ ఈ దశలో అది చిన్న మందు కాదు. మాత్ర మింగలేరు కాబట్టి సెలైన్‌లో ఎక్కించాలి. నరం దొరకదు, నాలుగు చోట్ల గుచ్చుతారు. అయోమయంలో ఆవిడ సూది పీకేస్తే, కొన్నిచోట్ల చేతులు మంచానికి కట్టేస్తారు. మందు వల్ల పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోయి విరేచనాలు పట్టుకోవచ్చు. మంచంలోనే ఉన్న మనిషికి విరేచనాలంటే పడక పుండ్లు కూడా ముదురుతాయి.

మరి లాభం లేదా? ఉండొచ్చు. అమెరికాలో బోస్టన్ ప్రాంతంలోని వృద్ధుల సంరక్షణ గృహాల్లో, డిమెన్షియా ముదిరిన 300 మందికి పైగా పెద్దవాళ్లని గమనించిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. నిమ్ముకి యాంటీబయోటిక్ అందినవాళ్లు ఎక్కువకాలం బతికారు. కానీ అందనివాళ్ల కంటే సుఖంగా మాత్రం లేరు, వాళ్లకే ఇబ్బంది ఎక్కువ కనిపించింది. అంటే బాబాయి చెప్పేదీ తప్పు కాదు, అమ్మ చెప్పేదీ తప్పు కాదు. ఒకరు రోజులు అడుగుతున్నారు, ఇంకొకరు సుఖం అడుగుతున్నారు.

అందుకే డాక్టర్‌ని "ఇవ్వాలా వద్దా" అని అడగకండి. "ఈ మందు ఆవిడకి ఏం చేస్తుందని ఇస్తున్నారు?" అని అడగండి. కొన్నిసార్లు సూటిగా జవాబు దొరుకుతుంది. మూత్రంలో మంటతో మూలుగుతుంటే యాంటీబయోటిక్ ఆ మంట తగ్గిస్తుంది. క్యాన్సర్ పుండు వాసన కొట్టి మనవలు గదిలోకి రాలేకపోతుంటే, మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లుతాం. వాసన తగ్గుతుంది. ఇవి నేను సంతోషంగా ఇస్తాను. అదే, యూరిన్ పైపు నెలరోజులుగా ఉన్న మనిషికి కల్చర్ రిపోర్ట్ పాజిటివ్ వస్తే కంగారు పడనక్కర్లేదు. పైపు అన్నాళ్లు ఉంటే దాదాపు అందరికీ బ్యాక్టీరియా కనిపిస్తుంది. జ్వరం, బాధ లాంటివేమీ లేకపోతే రిపోర్ట్ కాగితానికి వైద్యం చేయడం అనవసరం.

ఇంట్లో అందరూ ఒక మాట మీదకి రాకపోతే నేను ఒక దారి చెప్తాను. రెండు మూడు రోజులు ఇచ్చి చూద్దాం, కానీ ఏం మారితే కొనసాగిస్తాం, మారకపోతే ఎప్పుడు ఆపుతాం అన్నది మొదటి డోసుకి ముందే మాట్లాడుకుందాం అని. మొదలుపెట్టాక ఆపే మాట ఎత్తడం చాలా కష్టం. ఆ మాట్లాడుకునేటప్పుడు బాబాయిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. డాక్టర్ మాట ఆయన నేరుగా వినాలి, నానమ్మ చేతులు చూడాలి. ఆ ఫోన్ పట్టుకునేది మీరే కదా.

యాంటీబయోటిక్ ఆపామంటే వైద్యం ఆపినట్టు కాదు. జ్వరానికి పారాసిటమాల్ ఉంది, మింగలేకపోతే మలద్వారంలో పెట్టేది దొరుకుతుంది. ఆయాసానికి తక్కువ మోతాదులో మార్ఫిన్. తల ఎత్తుగా పెట్టడం, ముఖానికి ఫ్యాన్ గాలి తగిలేలా చూడడం, పెదాలు తడపడం. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. తెలంగాణలో కొన్ని జిల్లా ఆస్పత్రుల్లోనూ ఈ సెంటర్లు ఉన్నాయి.

రెసిస్టెన్స్ గురించి కూడా అడుగుతారు. నిజమే, మందులు పనిచేయకుండా పోతున్నాయి. కానీ చివరి రోజుల్లో ఉన్న మనిషి మంచం పక్కన నిలబడి ఆ లెక్క చెప్పడం నాకు నచ్చదు.

ఒక్క హెచ్చరిక. ఇదంతా కోలుకునే దారి మూసుకుపోయిన వాళ్ల గురించి. ఎనభై ఏళ్లున్నా నిన్నటిదాకా తిరిగిన తాతయ్యకి నిమ్ము వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వయసొక్కటే చూసి వదిలేయకూడదు.

ఇక "మనమే చంపినట్టు అవుతుందా" అన్న ప్రశ్న. చంపేది జబ్బు. చివరి దశలో ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరణ ఉంటే చాలు. నానమ్మ అలా రాసి ఉండరు. అందుకే అమ్మని, బాబాయిని ఇద్దర్నీ అడగండి: ఆవిడకి మాట ఉన్న రోజుల్లో, ఎవరైనా ఇలా మంచాన పడితే చూసి ఆవిడ ఏమనేవారు? చాలా ఇళ్లల్లో దీనికి జవాబు ఉంటుంది. ఆ కాగితం ఎలా రాయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను.