ఇనుప కడ్డీల బరువు: అందాజు, లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని పెద్దలు ఊరక అనలేదు. సామాన్య గృహస్థు తన జీవితకాలపు పొదుపును ఇసుక, సిమెంటు, ఇనుములపై వెచ్చించి ఇల్లు కట్టుకొనును. వీనిలో ఇనుము కాంక్రీటులో మునిగి కనుమరుగగును. స్లాబు పోసిన పిమ్మట లోపల ఎంత ఇనుమున్నదో కంటితో చూడ వీలులేదు. కావున దాని లెక్క ముందుగనే తెలిసియుండవలెను. ఉర్దూ నుండి మన వాడుకలోనికి వచ్చిన "అందాజు" అను మాట మేస్త్రీల నోట నిత్యము వినబడును. అనుభవముతో వచ్చిన అందాజు మంచిదే. కాని దానికి గణితము తోడు కావలెను.

కాంక్రీటు ఒత్తిడిని బాగుగా ఓర్చుకొనును గాని, లాగుడుకు పగులును. ఆ లాగుడును భరించుటకే అందులో ఉక్కు కడ్డీలను అమర్చుదురు. కడ్డీ ఎంత లాగుడును భరింపగలదన్నది ఉక్కు రకముతో పాటు దాని మధ్యచ్ఛేద వైశాల్యముపై ఆధారపడియుండును. ఆ వైశాల్యమును మనకు తేటగా తెలుపునది బరువే.

ఒక ఘనమీటరు ఉక్కు 7,850 కిలోగ్రాములు తూగును. దీని నుండి పుట్టినదే కట్టుబడి పనులలో అందరును వాడు సులభ సూత్రము: కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే గుణించి, 162 చేత భాగించినచో, ఒక మీటరు కడ్డీ బరువు కిలోగ్రాములలో వచ్చును. ఈ 162 ఎక్కడిది? వృత్త వైశాల్యమునకు సంబంధించిన 0.7854ను 7,850 చేత గుణించి, మిల్లీమీటర్లను మీటర్లుగా మార్చుటకై పది లక్షలచే భాగించినచో 0.006165 వచ్చును. అది రమారమి 162లో ఒకటవ వంతు. ఈ సూత్రము ప్రకారము మీటరు ఒక్కింటికి 8 మి.మీ. కడ్డీ 0.395, 10 మి.మీ. కడ్డీ 0.617, 12 మి.మీ. కడ్డీ 0.89, 16 మి.మీ. కడ్డీ 1.58 కిలోగ్రాములు తూగును.

ఒక ఉదాహరణము చూతము. గోడలపై ఆనిక కలుపుకొని 4.4 మీటర్ల పొడవు, 3.4 మీటర్ల వెడల్పు గల స్లాబు ఉన్నదనుకొందము. ఇంజనీరు ఇచ్చిన పటములో వెడల్పు దిశగా 10 మి.మీ. కడ్డీలు 150 మి.మీ. ఎడముతోను, పొడవు దిశగా 8 మి.మీ. కడ్డీలు 200 మి.మీ. ఎడముతోను ఉన్నవి. పొడవును ఎడముచే భాగించి ఒకటి కలిపినచో మొదటి రకము సుమారు 30 కడ్డీలు. వంపులతో ఒక్కొక్కటి 3.6 మీటర్లు, మొత్తము 108 మీటర్లు, అనగా 66.6 కిలోగ్రాములు. రెండవ రకము 18 కడ్డీలు, ఒక్కొక్కటి 4.6 మీటర్లు, మొత్తము 82.8 మీటర్లు, అనగా 32.7 కిలోగ్రాములు. రెండును కలిపి 99.3 కిలోగ్రాములు. కత్తిరింపులలో పోవు ముక్కలకును, కట్టుతీగకును వేరుగా కొంత చేర్చుకొనవలెను.

ఇక అసలు సంగతి. 12 మీటర్ల పొడవు గల 12 మి.మీ. కడ్డీ సుమారు 10.7 కిలోగ్రాములు తూగవలెను. అది 9.6 మాత్రమే తూగినచో, పదింట ఒక వంతు ఉక్కు తక్కువైనదన్నమాట. అట్టి కడ్డీ వ్యాసము దాదాపు 11.4 మి.మీ. ఉండును. ఈ తేడాను కన్ను పట్టజాలదు. కడ్డీపై గల గాట్ల వలన కొలబద్దయు తడబడును. తక్కెడ మాత్రము తడబడదు. తయారీలో స్వల్పభేదము సహజమే. అందుచే భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1786 (2008) తయారీ దఫా మొత్తముపై 10 మి.మీ. వరకు 7 శాతము, ఆపైన 16 మి.మీ. వరకు 5 శాతము, అంతకు మించినవానికి 3 శాతము హెచ్చుతగ్గులను అనుమతించుచున్నది.

"కిలోల లెక్కన కొన్నాను గదా, నాకేమి నష్టము?" అని కొందరందురు. డబ్బు నష్టపోకపోవచ్చును. కాని స్లాబులో కడ్డీలను లెక్కపెట్టి పరచుదురే గాని తూచి పరచరు. ముప్పది సన్నని కడ్డీలు పరచినచో స్లాబులో చేరవలసిన ఉక్కు చేరదు. మిగిలిన కడ్డీలు పెరటిలో పడియుండును.

కావున విద్యార్థి మిత్రులారా, మీ ఇంటనో పొరుగుననో ఇల్లు లేచుచున్నప్పుడు, ప్రతి రకమునుండి రెండు మూడు కడ్డీలను కొలిచి తూచి చూడుడు. గుణకార భాగహారములు వచ్చిన ప్రతివాడును చేయదగిన పరీక్ష ఇది. అది చేయవలసినది మాత్రము కాంక్రీటు పోయుటకు ముందే.